రుచి చూడని పూట

"వరదన్నా! ఓ వరదన్నా! ఊదకురా, ఆ శంఖం దించరా!"

కోట గోడ మీంచి కావలివాడు అరిచేసరికే ఆలస్యమైపోయింది. దాసరి వరదన్న ముసలి రంగమ్మ పాడె ముందు నడుస్తూ, జేగంట కొట్టి, శంఖం పూరించనే పూరించాడు. ఆ మోత తిన్నగా పోయి అభంగరాయలవారి చెవిలో పడింది.

మల్లగిరి అనే ఒకానొక రాజ్యాన్నేలే ఆ రాజుగారు వేసిన ఆజ్ఞ ఒకటుంది. "మా రాజ్యంలో చావు లేదు. మాటతో గానీ చేతతో గానీ దాన్ని మాకు గుర్తుచేసినవాడికి దేశబహిష్కారం!" ఆనాటినుంచీ జనం మాటలు మార్చుకున్నారు. పట్టపుటేనుగు పోతే మావటివాడు వణుకుతూ వచ్చి, "ప్రభూ, అది లేవడం మానుకుంది" అని విన్నవించుకున్నాడు.

పాడె దారిలోనే ఆగిపోయింది. వరదన్నను కట్టి తెచ్చారు. మధ్యాహ్న భోజనం కాగానే పొలిమేర దాటించమన్నారు రాజుగారు.

ఆ కబురు వంటశాలలో ఆండాళుకు చేరింది. రాజుగారు తినబోయే ప్రతి వంటకాన్నీ, విషం కలిసిందేమోనని ముందుగా తిని చూడడం ఆ పిల్ల కొలువు. వరదన్న ఆమెకు మేనబావ. శ్రావణంలో పెళ్ళి. అతని శంఖం ఎంత దూరాన మోగినా ఆమె గుండెలో సన్నజాజులు రాలేవి.

"ఏడవకే తల్లీ," అంది వంటపెద్ద సూరమ్మ.

"ఏడ్చే తీరిక లేదు పిన్నీ. నువ్వు వడ్డించు."

రాజుగారు పీట మీద కూర్చున్నారు. పక్కన మంత్రిగారు. ఆండాళు కంచం పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది.

"ఏమే పిల్లా, రుచి చూడవేం?"

"చూడకూడదు ప్రభూ. తప్పు."

"ఎవరన్నారు?"

"తమరే. చేతతో కూడా గుర్తుచేయొద్దన్నారు కదా! రోజూ రెండు పూటలా నేను ముద్ద మింగి నిలబడతాను. పడిపోతానేమోనని తమరు నా మొహంకేసే చూస్తారు. మరి నేను దేన్ని గుర్తుచేస్తున్నట్టు? మా బావ ఒక్కసారి ఊదాడు. నేను మూడేళ్ళుగా ఊదుతూనే ఉన్నాను. నన్నూ పంపించేయండి."

"దీనికి నోరెక్కువ ప్రభూ!" అన్నాడు మంత్రి.

"పోనీ మంత్రిగారూ, మీరే ఒక ముద్ద చూడండి."

"నాకా? నాకు... ఇవాళ ఉపవాసం."

"పొద్దున పదహారు ఇడ్డెన్లు తిని ఉపవాసమా అండీ!" అని గుమ్మంలోంచి సూరమ్మ గొణిగింది.

ఆండాళు కంచాన్ని రాజుగారి ముందుకు జరిపింది. చూపు దించలేదు. "చావే లేని రాజ్యంలో విషం ఏం చేస్తుంది ప్రభూ? హాయిగా ఆరగించండి."

నలుగురూ చూస్తున్నారు. రాయలవారు అన్నంలో పులుసు కలిపారు. ముద్ద ఎత్తారు. పెదవుల దాకా వచ్చి ఆ చెయ్యి ఆగిపోయింది. పులుసు మోచేతి మీదుగా కారుతోంది.

"ఏమైనా కలిపావా?" అని మెల్లగా అడిగారు.

"లేదు ప్రభూ. మొదటి రోజు నా చెయ్యీ అచ్చం ఇలాగే ఆగిపోయింది. సాయంత్రం మా బావతో చెప్పుకుని ఏడ్చాను, తేలికపడ్డాను. తమరు మాత్రం ఎవరితోనూ చెప్పుకోకూడదని తమకు తామే ఆజ్ఞ వేసుకున్నారు."

రాజుగారు ముద్దను చూసుకున్నారు, మోచేతి పులుసును చూసుకున్నారు. ఒక్కసారిగా పకపకా నవ్వారు. కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వారు.

"విప్పండి ఆ దాసరిని! ఈ పిల్ల పెళ్ళి ఖర్చు మాది, పసుపుకుంకాల కింద రెండు పుట్ల మాగాణి కూడా. రంగమ్మను శంఖంతోనే సాగనంపండి!"

బయట శంఖం మళ్ళీ మోగింది. రాయలవారి నవ్వు సన్నగిల్లింది. అయినా ఈసారి చెవులు మూసుకోలేదు. అందరికీ వినబడేలా అన్నారు:

"మా నాయనగారు పోయిననాడు జ్వరమని అబద్ధమాడి గదిలో దాక్కున్నాను. తలకొరివి తమ్ముడు పెట్టాడు. నాకు చావంటే భయం తల్లీ. చాలా భయం."