మేం గెలిచాం, మనం గెలిచాం

అనగనగనగా, కెరటాల చప్పుడుకి నిద్రపోయి కెరటాల చప్పుడుకే లేచే ఒక పల్లె ఉండేది. దాని పేరు గవ్వలపాలెం. ఊ కొడుతున్నావా చిట్టీ? కొట్టు మరి. నువ్వు ఊ అనకపోతే కథ కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది, ముందుకు నడవదు.

ఆ పల్లెలో మగవాళ్ళు పడవలేసుకుని వేటకి వెళ్ళేవారు. ఆడవాళ్ళు చేపల గంపలు నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగేవారు. ఆడపిల్లలేమో బడి గంట కొట్టగానే ఒడ్డుకి పరుగెత్తేవారు. ఎందుకనుకున్నావు? ఫుట్‌బాల్ ఆడటానికి!

నీళ్ళు వెనక్కి తగ్గాక తడి ఇసక గట్టిపడి తుడిచిన అరుగులా ఉంటుంది చూడు, అదే వాళ్ళ మైదానం. రెండు తెడ్లు పాతితే అటు గోలు, ఇంకో రెండు పాతితే ఇటు గోలు. కాళ్ళకి బూట్లు లేవు. కెరటం బంతిని లాక్కుపోతే ఈదుకుంటూ వెళ్ళి తెచ్చుకునేవారు. బళ్ళో డ్రిల్లు నేర్పే శాంతకుమారి మేడం ఈల పట్టుకుని వాళ్ళతో పాటు పరుగెత్తేది. ఆవిడకి గెలవడం అంటే ప్రాణం. ఓడిపోతే ఆ రాత్రి అన్నం తినేది కాదు.

ఆ పిల్లల్లో నూకరత్నం అని ఒకతె ఉండేది. సన్నగా, చురుగ్గా, నీళ్ళలోంచి ఎగిరే చేపలా ఉండేది. బంతి దాని కాలికి ఒకసారి తగిలిందంటే ఇక వదిలేది కాదు. ఆ పిల్లకి ఆకలి ఎక్కువ. అన్నం ఆకలి కాదు తల్లీ, గోలు కొట్టాలనే ఆకలి. అది మంచి ఆకలే. ఆ ఆకలి లేకపోతే ఆటెందుకు?

రత్నానికి ప్రాణ స్నేహితురాలు పోలేశ్వరి. అందరూ పోలీ అనేవారు. అది మనిషి కాస్త బొద్దుగా ఉండేది, పరుగు తక్కువ. అందుకే గోలు ముందు నిలబెట్టారు. పరుగు తక్కువైతేనేం, గొంతు మాత్రం శంఖమే. వాళ్ళమ్మ కాసులమ్మ, ఒడ్డున పెద్ద వల లాగేటప్పుడు కేక అందుకునేది. ఆవిడ కేక వేస్తే చాలు, తాడు పట్టుకున్న చేతులన్నీ ఒక్కసారి కదిలేవి. అదే గొంతు కూతురికీ వచ్చింది. వెనక నిలబడి ఆట మొత్తం చూస్తూ అరిచేది. "పైడీ, ఎడం పక్కకెళ్ళవే! రత్నం, నీ వెనకాల మనిషి!" మిగతా పిల్లలు తలతిప్పి చూడనక్కర లేకుండా పోయేది.

ఆ ఏడు పట్నంలో ఆడపిల్లలకి పోటీ పెట్టారు. మూడు ఆటలు వరసగా గెలిచినవాళ్ళకి కప్పు. అంతే కాదు. ఆడినవాళ్ళందరిలోకీ ఒక్క పిల్లని, ఒకే ఒక్క పిల్లని, ఆటల బడిలోకి తీసుకుంటారట. అన్నం పెట్టి, బూట్లిచ్చి, చదువు చెప్పి, పొద్దున్నా సాయంత్రం ఆడిస్తారట.

ఆ మాట రత్నం చెవిన పడింది. అప్పటినుంచీ దానికి కూర్చుంటే అదే, లేస్తే అదే. "ఆ ఒక్కరూ నేనే అవ్వాలి" అనుకుంది.

మొదటి ఆట వచ్చింది. రత్నం ఒక్కతే గోల్స్ అన్నీ కొట్టేసింది. పొట్టి పైడి ఖాళీగా నిలబడి "అక్కా, ఇటివ్వవే! నాకివ్వవే!" అని గింజుకుంది. రత్నం ఇస్తేనా! ఆట అయ్యాక మేడం దాని భుజం తట్టింది.

"బాగా ఆడావే రత్నం. నీతో పాటు ఇంకెవరైనా వచ్చారా, నువ్వొక్కదానివే వచ్చావా?" అంది.

పిల్లలందరూ కిసుక్కున నవ్వారు. రత్నం కూడా నవ్వేసింది. దానికి ఆ మాట అంటలేదు.

ఆ తర్వాత రెండో ఆట వచ్చింది. అది గట్టి ఆట. అవతలి జట్టులో ఒక బలమైన పిల్ల దూసుకొచ్చి గురిచూసి తన్నింది. పోలీ ఉన్నచోటునుంచి అడ్డంగా పడింది. బంతి ఆగింది. కానీ పోలీ కాలు గుంజకి కొట్టుకుని చీలమండ బెణికింది. పాపం, లేవలేకపోయింది. ఇద్దరు పట్టుకుని గీత బయట కూర్చోబెట్టారు. సోడా కొట్టతను ఐసు ముక్క గుడ్డలో చుట్టి ఇచ్చాడు. పోలీ బదులు పొడుగుపిల్ల ఒకతె గోలు ముందు నిలబడింది.

అప్పుడు, ఇక ఆట అయిపోతుందనగా, రత్నం గోలు కొట్టింది. ఈల మోగింది. పిల్లలందరూ ఎగిరారు, దూకారు, ఒకరి మీద ఒకరు పడ్డారు. రత్నం మాత్రం సంతోషం పట్టలేక సరాసరి పోలీ దగ్గరికి పరుగెత్తింది.

"పోలీ! పోలీ! మేం గెలిచామే!"

పోలీ తలెత్తి చూసింది. చేతిలో ఐసు నీరుకారి పోతోంది.

"మీరు గెలిచారా? మంచిదే" అంది.

విన్నావా చిట్టీ? ఏం మాట జారిందో పట్టుకున్నావా? నేనొచ్చి "మేం బూరెలు తిన్నాం" అంటే నువ్వేం చేస్తావు? మూతి ముడుచుకుంటావు. "మనం బూరెలు తిందాం" అంటే? పళ్ళెం పట్టుకుని పరుగెత్తుకొస్తావు. అదీ సంగతి. అంత చిన్న మాటలో పోలీని గీత బయట వదిలేసింది రత్నం. వదిలేశానని దానికే తెలియదు.

మర్నాటినుంచి పోలీ ఒడ్డుకి రాలేదు. మిగతావాళ్ళు ఆడారు గానీ, ఆ ఆటలో ఉప్పు లేదు. అరిచేవాళ్ళు లేక పైడీ పొడుగుపిల్లా ఎదురెదురుగా వచ్చి తలలు ఢీకొట్టుకున్నారు. ఇద్దరికీ బొప్పికట్టింది. మేడం ఈల కింద పెట్టి, "ఆదివారం ఫైనల్. ఇలా ఆడితే వాళ్ళు మనల్ని నంజుకు తింటారు" అని తల పట్టుకుంది.

అప్పుడు రత్నం పోలీ ఇంటికి వెళ్ళింది.

"కాలెలా ఉందే?"

"ఉంది."

"కోపమొచ్చిందా?"

"నాకెందుకే కోపం? మీ ఆట మీరాడుకోండి."

"ఏటే ఆ మాటలు? నేనేం చేశాను?" అని రత్నానికీ ఒళ్ళు మండింది. విసవిసా వచ్చేసింది.

ఆ తర్వాత ఇంకోసారి వెళ్ళింది. ఈసారి మంచి కండపట్టిన పీతలు పట్టుకుని వెళ్ళింది. కాసులమ్మ గుమ్మంలోనే అందుకుంది. "ఓలమ్మ, పీతలు ఎంత బాగున్నాయే పిల్లా!" అని పులుసు పెట్టింది. పోలీ ఆ పులుసు గిన్నె నాకి మరీ తిన్నది. కానీ బయటికి రాలేదు, రత్నంతో పలకలేదు. పీతలూ పోయాయి, పని కూడా కాలేదు.

శనివారం పొద్దున్న ఊళ్ళో పెద్ద వల వేశారు. పడవ వలని గుండ్రంగా తిప్పి తెస్తే, రెండు తాళ్ళూ ఒడ్డున పట్టుకుని ఊరంతా లాగాలి. కాసులమ్మ కేక అందుకుంది. రత్నం కూడా వాళ్ళ నాన్న వెనకాల తాడు పట్టుకుని లాగింది. అరచేతులు ఎర్రబడ్డాయి. చివరికి వల ఒడ్డెక్కింది. లోపల చేపలు తళతళా కొట్టుకుంటున్నాయి.

అందరూ కుప్పలు పోసి పంచుకుంటున్నారు. దూరంగా బోర్లించిన పడవ మీద దాలయ్య తాత దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. ఆయనకి జ్వరం. తాడు ముట్టుకోలేదు.

రత్నం నాన్న ఆయన్ని చూసి కేకేశాడు. "ఏం మావా, చుట్టంలా అక్కడ కూర్చున్నావు? మన వలొచ్చింది, తట్ట తెచ్చుకో!"

"నేనేం లాగానురా?" అన్నాడు తాత.

"రేపు నేను మంచానపడితే నువ్వు లాగవా? లేవయ్యా, చేపలు నవ్వుతున్నాయి."

తాత గొణుక్కుంటూ లేచాడు. తట్ట పట్టాడు. ఆయన వాటా ఆయనకి పడింది. ఎవరూ దాన్ని వింతగా చూడలేదు. ఆ ఊళ్ళో ఎప్పుడూ అంతే.

రత్నం మాత్రం చేతిలో చేపతో అలాగే నిలబడిపోయింది. మన వల. తాడు ముట్టని మనిషితో కూడా నాన్న 'మన వల' అన్నాడు. మరి నేను? బంతికి అడ్డంపడి కాలు విరగ్గొట్టుకున్నంత పనిచేసినదానితో నేనేమన్నాను?

దాని చెవులు వేడెక్కిపోయాయి. "ఓలమ్మో!" అంది. చేప జారి ఇసకలో పడింది. కాకి ఎత్తుకుపోయింది. రత్నం అటు చూడలేదు, తడి పావడాతోనే పరుగు తీసింది.

పోలీ ఇంటి తలుపు మూసి ఉంది. రత్నం బయటినుంచే అరిచింది.

"పోలీ! రేపు మనకి ఫైనల్ ఉందే!"

లోపలినుంచి పోలీ గొంతు వచ్చింది.

"ఎవరికి?"

"మనకి!"

"మొన్న గెలిచింది మీరు కదా?"

"మొన్న నా నోరు పడిపోనూ! మనమే గెలిచాం. నువ్వు ఆ బంతి ఆపకపోతే నేను కొట్టిన గోలు ఎందుకు పనికొచ్చేదే?"

తలుపు కిర్రుమంది. పోలీ కుంటుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"ఈ కాలేసుకుని నేనేం ఆడతానే?"

"ఆడకు. వచ్చి కేకలెయ్యి. నువ్వు అరవకపోతే మాకు కళ్ళు కనబడటం లేదు."

"చూశావా, మళ్ళీ మాకు అంటున్నావు!"

"ఒసే, ఈ మాకు ఆ మాకు కాదే!" అని రత్నం నెత్తి కొట్టుకుంది. పోలీ నవ్వు ఆపుకుందామనుకుంది గానీ దానివల్ల కాలేదు. ఇద్దరూ గుమ్మంలో కూలబడి పొట్టలు పట్టుకుని నవ్వారు.

ఆదివారం వచ్చింది. అవతల పట్నం పిల్లలు. పసుపుపచ్చ చొక్కాలు, మెరిసే బూట్లు. వాళ్ళ నాయకురాలు రెబెక్కా అని ఒక పొడుగాటి పిల్ల. అబ్బ, ఏం ఆడిందనుకున్నావు! బంతిని ఎక్కడికి పంపాలనుకుంటే అక్కడికే పంపేది, సూదిలోకి దారం ఎక్కించినట్టు. వాళ్ళు మొదటి గోలు కొట్టినప్పుడు మన పోలీకే చేతులు ఆగక చప్పట్లు కొట్టేసింది. మేడం గుడ్లురిమి చూస్తే చేతులు వెనక్కి పెట్టుకుంది.

అప్పుడు రత్నానికి రోషం వచ్చింది. ఇద్దరిని దాటి, ముగ్గురిని దాటి, తానే వెళ్ళి గోలు కొట్టి వచ్చింది. కొట్టవలసినప్పుడు కొట్టాలి కదా మరి! సరికి సరి అయ్యింది.

ఆట ఆఖరికి వచ్చింది. బంతి రత్నం కాలి దగ్గరే ఉంది. ఎదురుగా ఇద్దరు అడ్డం. పక్కన కుర్చీల్లో ఆటల బడివాళ్ళు టోపీలు పెట్టుకుని చూస్తున్నారు. ఇది కొడితే ఇక నన్నే తీసుకుంటారు, అనుకుంది రత్నం. కాలు ఎత్తింది.

మైదానం ఆ చివర, గోలు వెనకాల, గీత బయట కూర్చున్న పోలీ లేచి ఒంటికాలి మీద నిలబడింది.

"రత్నం! ఎడం పక్క పైడీ ఉందే!"

గాలినీ గోలనీ చీల్చుకుని వచ్చిందా కేక. రత్నం తలతిప్పి చూడలేదు. ఎడం పక్కకి బంతిని నెట్టేసింది.

పైడి తన్నింది. బంతి గుంజకి కొట్టుకుని వెనక్కి వచ్చింది. అందరూ ఒక్కసారి మీద పడ్డారు. ఎవరి మోకాలో, ఎవరి మడమో, ఎవరి కడుపో తగిలి బంతి దొర్లుకుంటూ, దొర్లుకుంటూ గోల్లోకి పోయి కూర్చుంది. ఈల మోగింది!

రిఫరీ పరుగెత్తుకొచ్చాడు. "గోలెవరిదమ్మా?"

"అక్కది" అంది పైడి.

"పైడిది" అంది రత్నం.

"నా మోకాలికి తగిలింది గానీ నేను తన్నలేదు సార్" అంది ఇంకొకతె.

"తొందరగా చెప్పండర్రా! ఎవరిది?"

రత్నం చుట్టూ చూసింది. దూరంగా ఒంటికాలి మీద నిలబడిన పోలీని కూడా చూసింది.

"మాది సార్" అంది.

ఆ తర్వాత పరుగెత్తుకెళ్ళి పోలీని వాటేసుకుంది. "మనం గెలిచామే!" అంది. పోలీ ఏదో చెప్పబోయింది. అరిచి అరిచి గొంతు పోయింది. తల మాత్రం ఊపింది, ఊపుతూనే ఉంది.

కప్పు ఇచ్చారు. మరి ఆటల బడిలోకి ఎవరిని పిలిచారంటావా? రెబెక్కాని పిలిచారు. ఆ పిల్ల అందుకు తగినదే. రత్నం చప్పట్లు కొట్టింది. కొడుతూనే ఏడ్చింది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో కప్పు ఒళ్ళో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఎవరూ ఏడవకు అనలేదు. పైడి తన ఓణీ కొంగు ఇచ్చింది ముక్కు తుడుచుకోమని.

అప్పుడు పోలీ, పోయిన గొంతుతోనే, గుసగుసగా అంది. "వచ్చే ఏడు మనం వెళదాంలే."

"మనమేంటే? వాళ్ళు ఒక్కరినే కదా తీసుకునేది."

"నువ్వెళితే మనం వెళ్ళినట్టు కాదేంటే?"

రత్నం ముక్కు తుడుచుకుని నవ్వింది.

మరుసటి ఏడు రత్నాన్ని పిలిచారు. బస్సెక్కించడానికి ఊరంతా వచ్చింది. పుట్టి బుద్ధెరిగి ఫుట్‌బాల్ చూడని దాలయ్య తాత టీ కొట్టు దగ్గర నిలబడి, "మనల్ని ఆటల బడిలోకి తీసుకున్నారు, తెలుసా? మనం కొట్టిన గోల్స్ అలాంటివి మరి" అని దారినపోయే వాళ్ళకల్లా చెప్పాడు. ఒక్కళ్ళు కూడా నవ్వలేదు. నిజమే కదా అని తలూపారు.

అంతే చిట్టీ. కళ్ళు మూసుకో.

బంతి పోయి ఇసకలో పడింది,
వల పోయి గుంజకి ఎక్కింది,
కెరటం పోయి కడలిలో కలిసింది,
కథ లేచి కంచి దారి పట్టింది.

మరి ఇంటికెళ్ళేది ఎవరే? మేమా?

ఊహూఁ, కాదా? మరెవరు? గట్టిగా చెప్పు.

మనం! ఆఁ, మనమే. ఇక పడుకో, నా తల్లీ.