నది లోపలి గీత

వరద తగ్గుముఖం పట్టినా నది నడుమ లంకలకు రాకపోకలు సరిగ్గా సాగడం లేదు. ఆశ్రమం తరఫున ఏ లంకకు ఎంత బియ్యం పంపాలో తేల్చే పని గురువుగారు శిష్యుడు సుధాంశుకు అప్పగించారు. జనం తలా ఒక చెయ్యి వేసి గీసి, ఎవరైనా వాడుకోండని వదిలిన పటం ఒకటుంది. దాన్ని తన కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు అందించి, ఏ లంకలో ఎన్ని ఇళ్లున్నాయో లెక్క తీయించి, ఒక్క పూటలో పని ముగించాడు సుధాంశు. గురువుగారు మెచ్చుకుంటారని లోలోపల మురిసిపోయాడు కూడా.

అంతలో నువ్వులలంక నుంచి పోలమ్మ నాటుపడవలో వచ్చి, తమకు బియ్యం ఎప్పుడు పంపుతారని అడిగింది. సుధాంశు తెర చూసి, ఆ లంకలో ఇళ్లేమీ లేవని చెప్పాడు.

పోలమ్మకు కోపం రాలేదు. దిగులేసింది.

"ఇళ్లే లేకపోతే నేనెక్కణ్ణించొచ్చానండి బాబూ? పసోళ్లు పొద్దున్నుంచీ గంజి మీదే ఉన్నారండి."

సుధాంశు మొహం చిన్నబోయింది. మళ్లీ చూశాడు. లంక పచ్చగా, చుట్టూ నది నీలంగా, బొమ్మ ముచ్చటగానే ఉంది. ఇళ్ల లెక్క మాత్రం సున్నా. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పటం గీసినవాళ్లనే తప్పుపడుతూ గురువుగారి దగ్గరికి వెళ్లాడు.

ఆయన వంటశాల అరుగు మీద కూర్చుని మోదుగాకులతో విస్తళ్లు కుడుతున్నారు. సన్యాసం పుచ్చుకోకముందు గొలుసు పట్టి పొలాలు కొలిచిన మనిషి. నదిని ఎలా గీయించావని మాత్రం అడిగారు.

సుధాంశు దాచలేదు. పటంలో నదికి బయట గట్టు గీత ఉంది. నది లోపల ప్రతి లంక చుట్టూ ఇంకో గీత ఉంది. ఆ లోపలి గీతల దగ్గర ప్రోగ్రామ్ మొరాయించింది. దాంతో వాటిని తీసేసి, గట్టు నుంచి గట్టుదాకా అంతా నది చేసేశాడు. తర్వాత లంకల్ని పచ్చగా పైన పరిచాడు. నీళ్లలో ఇళ్లు కనబడితే అవి పటంలోని పొరపాటనుకుని లెక్కలోంచి వదిలెయ్యమని ప్రోగ్రామ్‌కు ముందే చెప్పి ఉంచాడు.

"చూడ్డానికి సరిగ్గానే ఉంది స్వామీ."

గురువుగారు ఒక పెద్ద ఆకు నేలమీద పరిచారు. దాని మీద చిన్న ఆకుముక్క పెట్టారు. చిన్న ఆకు నడుమ, రెండాకుల్లోంచీ దిగేలా ఈనెపుల్ల గుచ్చి, ఆ పుల్ల పట్టుకుని పైకెత్తారు. రెండు ఆకులూ కలిసి లేచాయి.

"ఈ పుల్లే పోలమ్మ ఇల్లనుకో. అది దేంట్లో ఉంది నాయనా?"

సుధాంశు వంగి పుల్ల కొన చూశాడు.

"రెండింట్లోనూ స్వామీ," అన్నాడు సిగ్గుపడుతూ.

గురువుగారు పుల్ల లాగేశారు. పెద్ద ఆకు నడుమ చిన్న ఆకు పట్టేంత మేర గోటితో గిల్లి తీసేసి, ఆ ఆకును అతని చేతిలో పెట్టారు.

"నది ఎక్కడుందో చెప్పావు. ఎక్కడ లేదో కూడా చెప్పాలి."

సుధాంశు బియ్యం బస్తా తనే మోసుకెళ్లి పోలమ్మ పడవలో వేశాడు. తిరిగొచ్చి, తీసేసిన గీతలన్నీ ఓపిగ్గా మళ్లీ పెట్టి, ప్రోగ్రామ్ వాటిని ఒప్పుకునేలా సరిదిద్దాడు. నువ్వులలంక ఇళ్లు కనిపించాయి. వాటితోపాటు, అడగడానికి ఎవరూ రాని మరికొన్ని లంకల ఇళ్లు కూడా.

సుధాంశు లేచి పడవ కోసం రేవుకు పరుగెత్తాడు.