రాయిని కనిపెట్టే పాదాలు

అనగనగా ఒక ఊళ్ళో, మంచినీళ్ళు కుండల్లోనే చల్లబడే రోజుల్లో, పోలయ్య అనే కుమ్మరి ఉండేవాడు. అతని భార్య చెంచమ్మ. ఊఁ కొట్టు మరి. ఏంటీ, మీ అమ్మ పేరూ చెంచమ్మేగా అమ్మమ్మా అంటావా? ఉంటే ఉందిలే, నువ్వు కథ విను.

పోలయ్య తెల్లారగానే కుండలకి మట్టి తొక్కేవాడు. తప్ తప్ మనే ఆ చప్పుడుకే ఇంట్లో పిల్లలు నిద్రలేచేవాళ్ళు. మట్టిలో ఆవగింజంత రాయి ఉన్నా అతని అరికాలికి తెలిసిపోయేది. ఠక్కున ఆగి, వంగి, ఏరి అవతల పారేసేవాడు. రాయి ఉన్న కుండ కాలేటప్పుడు పగులుతుంది కదా. అందుకే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కూడా పోలయ్య కుండే కావాలనేవాళ్ళు. తన పాదాలంటే అతనికి భలే గర్వం.

ఆ తర్వాత కొన్నేళ్ళకి ఆ పాదాల్లో చీమలు పాకినట్టు తిమ్మిర్లు మొదలయ్యాయి. పడుకుంటే మంటలు. కొన్నాళ్ళకి అవి వాటంతటవే పోయాయి. తగ్గిపోయిందని సంబరపడ్డాడు, పిచ్చి మారాజు.

అప్పుడు ఒకసారి ఆవం పేర్చి కుండలు కాలిస్తే సగం పగిలాయి. కట్టెలు పచ్చివన్నాడు. ఎండుకట్టెలు తెచ్చి రెండోసారి కాల్చాడు. మళ్ళీ పగిలాయి. మట్టి మంచిది కాదన్నాడు. వేరే చెరువు మట్టి తెచ్చి మూడోసారి కాల్చాడు. అప్పుడూ పగిలాయి. ఎవరి కళ్ళో పడ్డాయని దిష్టి తీయబోయాడు.

చెంచమ్మ పెంకులు ఏరి చూసింది. పగులు పుట్టిన ప్రతిచోటా ఒక రాయి ఉంది.

"ఏందయ్యా, ఇంతింత రాళ్ళు నీ కాలికి తగల్లేదా?" అంది.

అప్పుడు ఆమె అతన్ని అరుగు మీద కూర్చోబెట్టి, కాళ్ళకున్న మట్టంతా కడిగింది. కడిగితే ఏముంది, చెమట పట్టక చర్మం ఎండిపోయి బీటలు వారి ఉంది. ఎడమకాలి చిటికెనవేలి కింద కుండపెంకు దిగి, చుట్టూ నల్లబడి చీము పట్టింది.

"ఇది గుచ్చుకుని ఎన్నాళ్ళయింది?"

"ఏది?" అన్నాడు పోలయ్య.

ఆ మాట వినగానే చెంచమ్మ బండి కట్టించుకుని పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

డాక్టరమ్మ దూదితో రాసింది, తెలీలేదు. సూదితో గుచ్చింది, తెలీలేదు. కళ్ళు మూసుకోమని బొటనవేలు పట్టుకుని, పైకెత్తానా దించానా అంది, అదీ తెలీలేదు.

"ఏళ్ళ తరబడి మీ రక్తంలో షుగరు ఎక్కువగా ఉంది పెద్దాయనా. అందుకే నరాలు మొద్దుబారాయి, రక్తనాళాలు పూడుకున్నాయి. కాలవ పూడితే చివరి మడికి నీళ్ళందుతాయా? అట్లాగే వేళ్ళకి రక్తం అందక పుండు మానలేదు. ఇంకొన్నాళ్ళు ఆగితే కాలే తీసేయాల్సి వచ్చేది" అంది.

కాలు దక్కింది. రెండు వేళ్ళు పోయాయి. ఇక చెప్పుల్లేకుండా నేల మీద కాలు పెట్టొద్దన్నారు. చెప్పులేసుకుని మట్టి తొక్కే కుమ్మరి ఎక్కడన్నా ఉంటాడా? పోలయ్య ఇంటికొచ్చి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆ తర్వాత చెంచమ్మ చీర ఎగ్గట్టి తనే మట్టిలోకి దిగింది. పోలయ్య కుండలు చేసే చక్రం, అదే సారె దగ్గర కూర్చుని ఆమె అడుగుల చప్పుడు వినేవాడు. అడుగు కాస్త తడబడితే చాలు, "ఆగు, అక్కడ రాయుంది" అనేవాడు. కుండలు మళ్ళీ ఖంగుమన్నాయి.

మందులు మాత్రం ఒక్కపూట కూడా మాననిచ్చేది కాదు. రోజూ పొద్దుగూకేవేళ అతని కాళ్ళు కడిగి, వేళ్ళ సందులు పొడిగుడ్డతో తుడిచి, మడమలకి కొబ్బరినూనె రాసి, అరికాళ్ళ కింద అద్దం పెట్టి చూపించేది. "కొనేవాళ్ళు కుండనే తట్టి చూసుకుంటారే, నీ కాలు నువ్వు చూసుకోవద్దా?" అని సాధించేది. ఆయన నవ్వుతూ వినేవాడు.

అవునే తల్లీ, వాళ్ళు మా అమ్మా నాన్నే. ఆ తడిమట్టి వాసన, ఆ తప్ తప్ చప్పుడు ఎంత గుర్తొస్తాయో నాకు. నాన్న పోయేదాకా తన రెండు కాళ్ళ మీదే నడిచాడు.

నాకూ ఆ షుగరే వచ్చిందిగా. ఏదీ, ఆ చేతద్దం ఇట్లా తే. నా అరికాలు చూడు. ఎర్రగా ఏమన్నా ఉందా? వేళ్ళ సందుల్లో?

ఏయ్, చక్కిలిగింత పెట్టావు కదూ, దొంగపిల్లా. తెలిసిందిలే. నాకింకా తెలుస్తోంది.

కథ కంచికి, కాలు చెప్పుకి,
మనం ఇంటికి, నిద్ర కంటికి.