వంతెన దాటని కేక

ఒక ఊళ్లో జనం పొద్దున్నే ఖాళీగా లేచేవారు.

ఖాళీ అంటే కడుపు కాదండి, బుర్ర. తన పేరేంటో, తన ఇల్లేదో, పక్కన గురక పెడుతున్నది ఎవరో ఒక్క ముక్క తెలిసేది కాదు. ఆఫీసుల్లో కొన్ని కంప్యూటర్లుంటాయి చూడండి, లోపల ఏమీ లేకుండా లేచి, ఎక్కడో గదిలో ఉన్న పెద్ద కంప్యూటర్ని అడిగి ప్రాణం తెచ్చుకునేవి. ఆ జనమూ అంతే. అబద్ధమంటారా? నేను అబద్ధమాడితే ఇంతకన్నా బాగా ఆడతాను.

లేవగానే ప్రతివాడూ నోరు తెరిచి ఒక్క కేక పెట్టేవాడు. "నేనెవర్నో ఎవరైనా చెప్పండర్రా!"

ఊరి మధ్యన అచ్చులాయన ఉండేవాడు. అన్నీ మర్చిపోయినా జవాబు ఆయనే చెప్పాలన్న సంగతి మాత్రం ఎవరూ మర్చిపోరు. ఆయన దగ్గర మనిషికో అచ్చు, వాడి వివరాలన్నీ చెక్కిన చెక్కముక్క. కేక వినపడగానే గొంతు ఆనవాలు పట్టి, ఆ అచ్చు తీసి, "నువ్వు ఫలానా. ఇదీ నీ ఇల్లు, వీళ్లూ నీ వాళ్లు, ఇదీ నీ పని" అని గడగడా చెప్పేవాడు. వినేసరికి వాడికి వాడు గుర్తొచ్చేవాడు. ఇంక రోజంతా హాయి. అత్తగారు గుర్తొచ్చాక హాయేంటని నన్నడక్కండి.

ఊరు పెరిగి కొన్ని ఇళ్లు కాలవ దాటి లంకలోకి వెళ్లేయి. ఒక చంటిపిల్ల తల్లి కూడా వెళ్లింది.

మర్నాడు లంకలో అందరూ లేచేరు. అరిచేరు. జవాబు లేదు.

తల్లి కూడా అరిచింది. పక్కన ఉయ్యాల్లో పిల్ల గుక్క పట్టి ఏడుస్తోంది. తల్లి పిల్లకేసి చూసింది, గుమ్మంకేసి చూసింది. "ఎవరి పిల్లో! ఎత్తుకోవచ్చో కూడదో!" అంది. రవిక తడిసింది. "ఇదేంటో కూడా కబురొస్తేగానీ తెలీదు" అని కొంగు కప్పుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఊళ్లో ఉన్న పిల్ల మేనమామకి ఈ సంగతి తెలిసి పరుగెత్తుకొచ్చేడు.

"చెల్లీ, నేనే, నీ అన్నని! అది నీ కూతురే. పాలియ్యవే!"

"నువ్వెవరివో నాకేం తెలుసు నాయనా? అచ్చులాయన చెప్పాలి కదా."

"నేను చెప్తున్నాను కదే!"

"దారిన పోయేవాడు ఎవడైనా అలాగే చెప్తాడు."

మేనమామ మేకపాలు తెచ్చి పట్టేడు. పిల్ల రెండు చుక్కలు మింగి మిగతాది ఆయన మొహం మీదే ఉమ్మేసింది.

తప్పు ఎక్కడుందో తేల్చాలని మేనమామ బయల్దేరేడు. అచ్చులాయన దగ్గరికెళ్తే, ఆయన ఊరి కేకలకి జవాబులు చెప్తూనే ఉన్నాడు. "లంకోళ్లు నన్నడగందే! అడక్కుండా చెప్పడానికి నాకేం పిచ్చా?" అన్నాడు. లంకకెళ్తే, మీసాల పడవాయన నోరు బార్లా తెరిచి, "అరవలేదా? చూడు, కొండనాలిక ఎలా వాచిపోయిందో!" అని చూపించేడు.

అడిగేవాళ్లది తప్పు కాదు, చెప్పేవాడిది తప్పు కాదు. మరి కేక ఏమైపోయినట్టు?

వంతెన మీద కాపలావాడుండేవాడు.

"ఇటు కేకలేమైనా వచ్చేయా?"

"బోలెడు. అన్నీ కాలవలో పారేశాను."

"ఎందుకయ్యా బాబూ!"

"ఎవరు పంపేరో, ఎవరికి పంపేరో చెప్తేనే దాటనిస్తాను. గాల్లోకి అరిచినవన్నీ వదిలేస్తే ఆ ఒడ్డు గోల ఈ ఒడ్డుకీ, ఈ ఒడ్డు గోల ఆ ఒడ్డుకీ. చెవులుంటాయా మనకి?"

"పేరు తెలీకే కదా అరుస్తున్నారు! పేరు చెప్తేగానీ పేరు అడక్కూడదా?"

"ఆయ్. అదే రూలు."

మేనమామ అక్కడే చతికిలబడ్డాడు. మీరైతే ఏదో పొడిచేసేవారు లెండి.

మర్నాడు, ఊళ్లో పడుకుని లంకలో కొట్టు తెరవడానికొచ్చే కొట్టాయన సాయం చేద్దామనుకున్నాడు. కేక వినపడ్డవాళ్లకల్లా తనే జవాబిచ్చేడు; కేకకొచ్చిన జవాబు కదా, అందరూ నమ్మేరు. "నీది మూడో ఇల్లు. నీది చివరిల్లు." అంతకుమించి ఆయనకి తెలిస్తేగా! తల్లి తన ఇంట్లో కూర్చుని, "ఇల్లు తెలిసింది. ఇంట్లో నేనేం చెయ్యాలో తెలీలేదు" అంది. పిల్ల ఏడవడం మానేసి మూలుగుతోంది.

మేనమామ వెళ్లి కాపలావాడి కాళ్లు పట్టుకున్నాడు. "బాబ్బాబు, కేకని వదలొద్దు. నువ్వే మొయ్యి. నీ పేరు చెప్పి సరాసరి అచ్చులాయన చెవిలో వెయ్యి. జవాబు నువ్వే తెచ్చియ్యి."

కాపలావాడు గెడ్డం గోక్కున్నాడు. "నా పేరు మీదైతే రూలు తప్పినట్టు కాదు" అన్నాడు.

ఆ మర్నాడు మోసేడు, పాపం, కేక తరవాత కేక. అచ్చులాయన చెవి రిక్కించేడు. అన్నీ ఒకటే గొంతు, కాపలావాడి గొంతు! "లంకలో ఉన్నది ఒక్క మనిషే కాబోలు" అనుకున్నాడు. మేనమామ పోరు పెట్టడంతో తల్లి అచ్చు పైనే ఉంది. గొంతుని బట్టి ఎవరిదో తేలదు గనక అదే తీసి, అన్ని కేకలకీ అదే చెప్పేడు.

లంకంతా తల్లయిపోయింది.

మీసాల పడవాయన గోచీ ఎగ్గట్టుకుని ఉయ్యాల దగ్గరికి దూకేడు. "నా తల్లే! నిన్ను కనడానికి ఎంత నొప్పులు పడ్డానే!" అని పొట్ట పట్టుకున్నాడు. వెనకాల లంకలో వాళ్లంతా అదే మాట, అవే కన్నీళ్లు, అచ్చుగుద్దినట్టు. మేనమామని చూసి అందరూ "అన్నయ్యా!" అని మీద పడ్డారు.

"నేనండీ తల్లిని! నాకు పాలున్నాయి!" అని అసలు తల్లి మొత్తుకుంది.

"మేం మాత్రం పాలివ్వలేదా ఏంటి? మాకు గుర్తు లేదా?" అన్నాడు పడవాయన.

తల్లి ఎలాగో లాక్కుని రొమ్ము నోట్లో పెట్టింది. రెండు గుక్కలు తాగిందో లేదో ఇంకో తల్లి ఎత్తుకుపోయింది. అంతమంది తల్లుల మధ్య ఒక్క మేనమామ ఏం చేస్తాడు? అచ్చులాయన్నే లాక్కొద్దామని ఊళ్లోకి పరిగెత్తేడు. సాయంత్రానికి తల్లికి కూడా అనుమానం వచ్చేసింది. "అందరికీ గుర్తుంది. నాదే నిజమని ఎలా?"

తెల్లారింది. వంతెన మీద ఎవరూ లేరు. అన్ని జవాబులూ తన చెవిలోంచే పోయేయి కదా, కాపలావాడికీ తనే తల్లినని నమ్మకం కుదిరి, ముందు రోజే లంకకొచ్చి ఉయ్యాల పక్కనే పడుకున్నాడు.

అందరూ ఖాళీగా లేచేరు. అరిచేరు. మోసేవాడు లేడు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

ఉయ్యాల్లోంచి పిల్లికూనలా ఒక్క కూత వచ్చింది.

పేరు తెలీని ఒక ఆడమనిషి రవిక తడిసింది. కొంగు లాక్కోబోయి ఆగింది. తడికేసి చూసుకుంది. ఉయ్యాలకేసి చూసింది. లేచింది.

"ఆగమ్మా, ఇంకా కబురు రాలేదు" అన్నాడు కాపలావాడు, తనెవరో తెలీకపోయినా.

ఆమె ఆగలేదు. పిల్లని ఎత్తుకుని గోడవైపు తిరిగి కూర్చుంది.

ఎండెక్కేక, ఊరి కేకలన్నీ తీరేక, మేనమామ అచ్చులాయన్ని రెక్క పట్టుకు తీసుకొచ్చేడు. ఆయన అచ్చు పైకెత్తి, గొంతు సవరించుకుని, "అమ్మాయ్! నువ్వు ఫలానా. అది నీ..." అని మొదలెట్టేడు.

"ష్!" అందామె. "పడుకుంది."

అచ్చులాయన ఆమె రవిక మీది తడి చూసేడు. చేతిలో అచ్చుని అటూ ఇటూ తిప్పి, ఆ తడి ఇందులో ఎక్కడుందా అని వెతుక్కుంటూ నిలబడ్డాడు.