గడ్డిబండి వెంట తిరిగిన దుప్పులు

అనగనగా, ఏడాదిలో సగం మంచు కిందే దాగి ఉండే ఒక ఉత్తరదేశం. దాన్ని హేమాంగదుడనే రాజు ఏలుతూ ఉండేవాడు. అక్కడి కొండలనూ, అడవులనూ, వాటిలోని మృగాలనూ కాచే బాధ్యత వసుమిత్రుడనే వనపాలకుడిది.

వసుమిత్రుడు మాటకారి కాడు. అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్పి ఊరుకునేవాడు. రాజుల కొలువులో అలాంటివాళ్ళకు ఎంత ఆదరణ ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఆ కొండల మీద పెద్ద కొమ్ముల దుప్పుల మంద ఒకటి ఉండేది. వేసవంతా అవి కొండమీది పచ్చికలో మేసేవి. తొలిమంచు పడగానే కనుమ దాటి, నది ఈది, దక్షిణపు లోయకు చేరేవి. అక్కడ మంచు పలచన. గిట్టలతో గీరితే అడుగున గడ్డి దొరికేది. మంచు కరగగానే వచ్చిన దారినే మళ్ళీ కొండెక్కేవి.

కనుమ దగ్గరి పల్లెల్లో ఒక ఆచారం ఉండేది. తొలిమంచు పడిన ఉదయం వసుమిత్రుడు కబురు పంపేవాడు. వెంటనే ప్రతి ఇంటివాళ్ళూ తమ పొలాల కంచెలు ఊడదీసేవాళ్ళు. కుక్కలను కట్టేసేవాళ్ళు. మంద దాటిపోయేదాకా పిల్లలను గట్టిగా అరవనిచ్చేవాళ్ళు కాదు. దాన్ని ‘దారి విడవడం’ అనేవాళ్ళు.

ఒక ఏడు రాజుగారు సరదాగా మందను చూడడానికి కనుమకు వచ్చాడు. ఆయన చూస్తుండగానే ఒక దుప్పిపిల్ల నదిలో కొట్టుకుపోయింది. కుంటుతున్న ముసలి దుప్పిని అవతలి గట్టున తోడేళ్ళు పట్టుకున్నాయి. రాజుగారి గుండె కరిగిపోయింది. మనబోటివాళ్ళం జాలి కలిగితే కళ్ళు తుడుచుకుని ఇంటికి పోతాం. రాజుల జాలి అలా ఊరుకోదు, ఆజ్ఞ అయి కూర్చుంటుంది.

“ఇకమీదట నా రాజ్యంలో ఏ దుప్పీ మేత కోసం కనుమ దాటనక్కర్లేదు. కొండకిందే గడ్డి వేయించండి!” అన్నాడు.

ఆ పని మధురకుడనే ఉద్యోగికి అప్పగించాడు. మధురకుడు రాజుగారి ముఖం చూసి మాట్లాడే మనిషి. ముఖం వెలిగే మాట ఏదైతే అదే అతని నోట వచ్చేది.

మొదటి శీతాకాలం జడలబర్రెలు లాగే బళ్ళు ఎండుగడ్డితో బయలుదేరాయి. వాటి మెడల్లో గంటలు ఘల్లుఘల్లుమన్నాయి. మందలో సగం కొండకిందే ఆగిపోయింది. ఆగినవాటిలో ఒక్క పిల్లా చావలేదు. నిజం చెప్పాలంటే వసుమిత్రుడు కూడా సంతోషించాడు. ప్రతి ఏడూ నది గట్టున చచ్చిన పిల్లలను చూసీ చూసీ అతని మనసూ అలిసిపోయింది.

రెండో శీతాకాలం మంద దాదాపు మొత్తం ఆగిపోయింది. పల్లెవాళ్ళు వసుమిత్రుడి దగ్గరికి వచ్చారు. “దుప్పులే రావడం లేదు గదయ్యా, మేం కంచెలెందుకు ఊడదీయాలి?” అని అడిగారు. నిజమే కదా అనుకుని అతను ఆ ఏడు కబురు పంపలేదు. చూస్తుండగానే కంచెల చోట రాతిగోడలు లేచాయి.

ఆ చలిలోనే మందకు కీడు మొదలైంది. అన్నీ ఒకే చోట తిని, ఒకే చోట తొక్కి, ఆ నేలంతా పేడబురద అయింది. గిట్టలకు చీము పట్టింది. ఒకదాని దగ్గు ఇంకొకదానికి అంటుకుంది. చచ్చినవాటిని మధురకుడు రాజుగారు నిద్ర లేవకముందే కొండ వెనక పూడ్పించేవాడు. రాజుగారు అడిగితే, “ఒక్కటీ చావలేదు మహారాజా, తమ చలవ!” అనేవాడు.

గడ్డి తినకుండా ఆ రెండు శీతాకాలాలూ కనుమ దాటి వెళ్ళినది ఒక్కటే, తెల్లచెవి అనే ముసలి ఆడదుప్పి. వసంతంలో అది తిరిగి వచ్చినప్పుడు గోడలకు ఒరుసుకుని దాని పక్కలు చెక్కుకుపోయి ఉన్నాయి. వసుమిత్రుడు దగ్గరికి వెళ్ళి, “ఎందుకమ్మా నీకింత కష్టం? అందరితో పాటు ఇక్కడే ఉండకూడదా?” అన్నాడు.

తెల్లచెవి అతని వైపు చూసి, “వనపాలకా, నది ఎక్కడ లోతు, ఎక్కడ నిలవచ్చు, తోడేళ్ళు ఏ వంపులో కాచుకుంటాయి, ఇవన్నీ నేను మా అమ్మ వెనకాల నడిచి నేర్చుకున్నాను. నా వెనక నడిచేవాళ్ళే లేరు. మా పిల్లలకు మంచు గీరడం కూడా రాదు. ఇంకొక్క శీతాకాలం కంటే నేను బతకను. నేను పోయాక దారి ఎవరు చూపిస్తారు?” అంది.

వసుమిత్రుడు తెల్లవారగానే కొలువుకు వెళ్ళి జరిగినదంతా చెప్పాడు. రాజును కొండ వెనక్కి తీసుకుపోయి, పూడ్చిన చోటు తవ్వించి చూపించాడు. మధురకుడు నేల చూపులు చూశాడు.

రాజు ముఖం నల్లబడింది. “సరే, గడ్డి ఆపేస్తాను. మంద కనుమ దాటితే అన్నీ బతుకుతాయా?” అని అడిగాడు.

ఇక్కడ ఒక్క ‘బతుకుతాయి’ అనేస్తే సరిపోయేది. వసుమిత్రుడికి ఆ తెలివి లేదు.

“బతకవు ప్రభూ. కొన్ని నదిలో పోతాయి, కొన్ని తోడేళ్ళకు పోతాయి. ఈసారి మామూలుకంటే ఎక్కువే పోతాయి. కానీ మంద మిగులుతుంది.”

రాజుకు కోపం వచ్చింది. “నీ మాట మీద బళ్ళు ఆపుతున్నాను. మంద కనుమ దాటకపోయిందా, మళ్ళీ గడ్డి వేయిస్తాను. నువ్వు మాత్రం నా దేశంలో ఉండవు!” అన్నాడు.

వసుమిత్రుడు పల్లెపల్లెకూ తిరిగాడు. “కబురు పంపకపోవడం నా తప్పు, గోడలు తీయండి,” అని బతిమాలాడు. కొందరు తిట్టారు, కొందరు నవ్వారు. అయినా తానే గడ్డపార పట్టుకుని రాళ్ళు తీయడం మొదలుపెట్టేసరికి ఒక్కొక్కరే వచ్చి చేయి వేశారు.

మూడో శీతాకాలం వచ్చింది. తొలిమంచు పడిన ఉదయం రాజుగారు పరివారంతో కొండకింద నిలబడ్డాడు. ఆకలిగొన్న మంద బళ్ళు వచ్చే దారి వైపే చూస్తూ చాలాసేపు నిలబడింది. తెల్లచెవి కనుమ వైపు నడిచింది. కొంత దూరం పోయి వెనక్కి తిరిగి పిలిచింది. ఒకటి కదిలింది. దాని వెనక ఇంకొకటి. మెల్లగా మందంతా కదిలింది.

దగ్గుతూ, కుంటుతూ పోతున్న పిల్లలను చూసి రాజుగారి మనసు ఆగలేదు. “ఈ ఒక్కసారికి గడ్డి తెప్పించండి!” అన్నాడు. మధురకుడు బండి సిద్ధంగానే ఉంచాడు. గంటలు మోగాయి. అంతే, మంద మొత్తం వెనక్కి తిరిగి ఒకదాన్నొకటి తోసుకుంటూ ఆ పాత బురదలోకే పరుగెత్తుకు వచ్చింది. కనుమ మొదట్లో తెల్లచెవి ఒంటరిగా నిలబడిపోయింది.

 తెల్లచెవి రాజు వైపు తిరిగి పలికింది.

“రాజా, మా పిల్లలకు నీ గంట తెలుసు, నా పిలుపు తెలియదు. ఇప్పుడు నేను ఏం చేయమంటావు?”

రాజుగారికి అప్పుడు తెలిసివచ్చింది. సిగ్గుతో తల వంచుకున్నాడు. తానే బండి దగ్గరికి వెళ్ళి, జడలబర్రె మెడలోని గంటను రెండు చేతులా పట్టుకుని చప్పుడు కాకుండా నొక్కి ఉంచాడు. బండిని అలాగే వెనక్కి నడిపించాడు. తెల్లచెవి మళ్ళీ పిలిచింది. ఈసారి మంద వెళ్ళేదాకా కొండకింద ఎవరూ కదల్లేదు.

మంచు కరిగాక రాజూ వసుమిత్రుడూ నది గట్టున కాచుకుని కూర్చున్నారు. ఎన్నాళ్ళకో మంద కనిపించింది. పలచబడిపోయింది.

“చాలా పోయాయా?” అని రాజు అడిగాడు.

“చాలా పోయాయి ప్రభూ. మనం దారి మరపించకపోతే ఇన్ని పోయేవి కావు,” అన్నాడు వసుమిత్రుడు. ఇప్పుడు రాజుకు కోపం రాలేదు.

తెల్లచెవి మందలో లేదు. ముందు నడుస్తున్నది గడ్డిబండి దగ్గర పెరిగిన పడుచు దుప్పి. అది నది అంచున ఆగింది. నీళ్ళను వాసన చూసింది. లోతైన చోటు వదిలేసి, పైకి నడిచి, రాళ్ళు తేలిన చోట కాలు పెట్టింది. వెనకవన్నీ సరిగ్గా అది పెట్టిన చోటే కాళ్ళు పెడుతూ దాటాయి. వాటిలో ఆ ఏడు పుట్టిన పిల్లలూ ఉన్నాయి. మనుషుల వైపు చూడకుండానే మంద కొండెక్కింది. రాజుగారికి ఏడుపూ వచ్చింది, సంతోషమూ వచ్చింది.

అందుకే పిల్లలూ, ఎవరికైనా సాయం చేసేటప్పుడు వాళ్ళు తమ దారి మరిచిపోకుండా చేయాలి, ఆ సాయం చెరుపు చేస్తోందని చెప్పేవాడి మాట చేదుగా ఉన్నా చెవిన పెట్టాలి.