కేతువర్మ అడిగిన ప్రశ్న

వినండి పిల్లలూ, ఒకానొక దేశంలో భద్రసేనుడనే రాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాళ్లిద్దరూ నెమ్మదస్తులు. మూడోవాడు కేతువర్మకు మాత్రం, ఇరవయ్యేళ్లొచ్చినా, తలుపు మూస్తే చెమటలు పట్టేవి. వెనకనుంచి ఎవరైనా భుజం తడితే చెయ్యి కత్తిమీదికి పోయేది. ఎందుకో అతనికే తెలియదు.

ముగ్గురు వైద్యులొచ్చారు. మొదటివాడు పైత్యమన్నాడు. రెండోవాడు గాలి సోకిందన్నాడు. మూడోవాడు వట్టి పొగరన్నాడు. రాజు ఆ మూడోవాడికి శాలువా కప్పాడు.

కేతువర్మ ఒళ్లు మండి అడవిదారి పట్టాడు. అక్కడ ఒక ముసలి గద్ద అతన్ని చూసి, "బాగా ఎదిగావు నాయనా. ధూమ్రాక్షుడి పంజరంలో పిడికెడు ఉండేవాడివి," అంది.

"ఏ పంజరం?"

"ఎవరూ చెప్పలేదా? నీ ఐదో ఏట వానల్లేవు. ఒక కొడుకునిస్తే కురిపిస్తానన్నాడు ఆ మాంత్రికుడు. మీ నాన్న నిన్నిచ్చాడు. మూడేళ్లు వాడు నీ ఏడుపుతో మంత్రాలు సాధించాడు. చివరికి నేనే నిన్ను తప్పించి కోటలో దించాను, భయానికి నీకదంతా మరుపొచ్చింది. పైత్యం కాదు బాబూ, ఆ భయం ఇంకా నీ ఒంట్లోనే ఉంది."

 "దారి చూపించు," అన్నాడు కేతువర్మ.

ముత్యాలి అనే పడవ నడిపే పిల్ల అతన్ని ఏడు సముద్రాలు దాటించింది. గద్ద ముందు ఎగిరింది. దీవిలో ఇనప గది, గది నిండా పంజరాలు, పంజరాల్లో పసిపిల్లలు. నడుమ మాంత్రికుడి ప్రాణమున్న చిలక. గడప దగ్గర కేతువర్మ కాళ్లు ఆగిపోయాయి. కోపంతో తలుపు పెకలించి అవతల పారేసి, అప్పుడు లోపలికెళ్లి చిలకను పట్టాడు.

ధూమ్రాక్షుడు పరుగెత్తుకొచ్చాడు. "నేను ఎత్తుకుపోలేదు. మీ నాన్నే నిన్ను నా చేతిలో పెట్టాడు."

"ఆయన సంగతి తర్వాత," అని కేతువర్మ చిలక మెడ విరిచాడు. మాంత్రికుడు కుప్పకూలాడు.

పిల్లల్ని విడిపించి, వాళ్ల బాగోగులు ముత్యాలికి అప్పగించి, గద్ద వీపెక్కి నేరుగా తండ్రి కొలువుకొచ్చి, పంజరం సంగతి అడిగాడు.

"అప్పుడు దేశం దాహంతో చస్తోంది. తప్పలేదురా," అన్నాడు రాజు.

"ఇచ్చారు, సరే. కారణం తెలిసి కూడా పన్నెండేళ్లు నాది పొగరని ఎందుకననిచ్చారు?"

రాజు తల వంచాడు. "నిన్ను చూస్తే నా తప్పు కనిపించేది."

"మీ తప్పు నా నెత్తిన పెట్టి మోయించారు," అని కేతువర్మ వెనుదిరిగాడు. అన్నలు పిలిచినా ఆగలేదు.

దీవికి తిరిగెళ్లి ముత్యాలిని పెళ్లాడాడు. దిక్కులేని పిల్లలందరినీ పెంచాడు. వాళ్లే అతన్ని రాజును చేశారు. అరవయ్యేళ్లు ఏలాడు. కోపం మాత్రం చల్లారలేదు. ఎక్కడైనా ఎవరైనా పసివాడిని బేరం పెట్టారని తెలిస్తే చాలు, ముసలితనంలో కూడా తానే పడవెక్కి వెళ్లేవాడు.