తన నోటి సంగతి చెప్పిన చేప

అనగనగా ఒక అడవిలో అని మొదలుపెట్టేదాన్నే గానీ, ఈ కథలో అడవి లేదర్రా. వకుళ గారింటి హాల్లో ఒక గాజు తొట్టి ఉంది, అంతే. అందులో గప్పీలు, మోలీలు, ఒక ముసలి గౌరామి చేప కలిసి బతుకుతున్నాయి.

ఒకరోజు వకుళ గారు కొట్టు నుంచి కొత్త చేపపిల్లను తెచ్చి ఆ తొట్టిలో వదిలారు. దాని పేరేమిటో కొట్టువాడికి తెలీదు. "చిన్నదేనండీ, అన్నిటితో కలిసిపోతుంది," అన్నాడట. తానెవరో ఆ పిల్లవాడికీ తెలీదు.

"ఒంటిమీద నల్లమచ్చలున్నాయి. మా మోలీల పిల్లాడే," అంది మోలీ.

"ఆ రెక్కల సోకు చూడు. మా గౌరామీల పిల్లాడు," అన్నాడు గౌరామి తాత.

గప్పీ పిన్ని అలాంటివేం చూడలేదు. "ఎవరైతేనేం? మన పంక్తిలో మనతోపాటు తింటున్నాడు. మనవాడే," అంది. అందరికీ ఆ మాట నచ్చింది. మనుషులే అలా అనుకుంటారు, చేపలు అనుకుంటే తప్పేముంది?

పిల్లవాడు పెరిగాడు. మోలీలను దాటి, తాతను కూడా దాటి పెరిగాడు. గప్పీ పిన్ని పిల్లలు వాడి చుట్టూనే ఆడుకునేవారు. వాళ్ళంటే వాడికి ప్రాణం.

ఒక ఉదయం మేత గింజ కోసం, ఆ పిల్లల్లో అందరికన్నా చిన్నదైన బుల్లి గప్పీ వాడి మూతి ముందుకు ఈదుకొచ్చింది. అంతే, వాడి నోరు దానంతట అదే సంచిలా సాగింది. బుల్లి గప్పీ లోపలికి వెళ్ళిపోయింది. వాడు ఉలిక్కిపడి ఉమ్మేశాడు.

బుల్లి గప్పీ కిలకిలా నవ్వింది. "భలే ఉందన్నా. మళ్ళీ మింగవా?" అంది.

వాడికి మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే, ఆ ఒక్క క్షణం వాడికి చాలా రుచిగా అనిపించింది.

వాడు వెళ్ళి తాతకు చెప్పాడు.

"ఎవరూ చూడలేదుగా, ఊరుకో," అన్నాడు తాత. "చెబితే ఈ తొట్టిలో నీకు చోటుండదు."

"చెప్పకపోతే పిన్ని పిల్లలకు ఉండదు తాతా," అన్నాడు వాడు.

మేత వేళకు అందరూ చేరారు. వాడు ముందుకొచ్చి, "నా పేరేమిటో నాకు తెలీదు. నా నోరు ఏం చేసిందో తెలుసు. అందులో పట్టేవాళ్ళెవరూ నా దగ్గరికి రాకండి," అని జరిగింది చెప్పాడు. గప్పీ పిన్ని పిల్లల్ని వెనకేసుకుని అవతలి మూలకు వెళ్ళిపోయింది. వాడికి ఏడుపొచ్చింది.

వాడు రాయి చాటుకు పోయి కూర్చున్నాడు. మేత దగ్గర పిల్లలుంటారని పొద్దున రాలేదు. సాయంత్రమూ రాలేదు. మర్నాడు ఆకలికి కళ్ళు తిరిగాయి, అయినా రాలేదు.

జబ్బు చేసిందేమోనని వకుళ గారు కంగారుపడ్డారు. ఫోటో తీసి, ఎన్నో ఏళ్ళుగా చేపలు పెంచుతున్న యోహాను గారికి పంపారు.

"మచ్చల్ని నమ్మకూడదండీ, వయసుతో మారిపోతాయి," అన్నారాయన. "నోరు తెరిచినప్పుడు తీసి పంపండి."

ఆవిడ రాయి వెనక్కి ఒక గింజ జారవిడిచారు. వాడి నోరు సాగింది.

ఆ ఫోటో చూడగానే యోహాను గారు గుర్తుపట్టారు. "ఇది సిక్లిడ్ జాతి చేప, అందులోనూ వేటాడే రకం. తొట్టిలో చిన్న చేపలేమైనా మిగిలాయా?"

"అన్నీ ఉన్నాయండీ."

"అయితే నేనింతవరకూ ఇలాంటి చేపను చూడలేదు," అన్నారాయన. దాని అసలు పేరు కూడా చెప్పారు గానీ, అది పలకడానికి నాకు నోరు తిరగదు.

వకుళ గారు పక్కనే పెద్ద తొట్టి పెట్టి వాణ్ణి అందులోకి మార్చారు. కడుపునిండా తిన్నాడు. అయినా గప్పీల వైపు చూడలేక గోడకేసి తిరిగి ఉండేవాడు.

ఒకరోజు గప్పీ పిన్ని పిల్లలందర్నీ వెంటబెట్టుకుని గాజు దగ్గరికి వచ్చింది. "ఇటు తిరుగు బాబూ," అంది.

వాడు మెల్లగా తిరిగాడు.

"పిల్లలూ, బాగా చూడండి. ఇలాంటి నోరున్నవాడు ఎదురైతే పారిపోవాలి. ఈ ఒక్కడు ఎదురైతే మాత్రం దణ్ణం పెట్టి పారిపోవాలి," అంది పిన్ని. అని, ముందుగా తానే తలవంచింది.

"మా అన్న," అంది బుల్లి గప్పీ, తొట్టంతా వినబడేలా.

వాడు తన రెక్కలన్నీ విప్పుకుని, వేటచేప ఎలా నిలబడాలో అలా నిలబడ్డాడు. చెబుతుంటే నాకే గర్వంగా ఉందర్రా.

నీతి: మనవల్ల ఎవరికి ముప్పుందో తెలుసుకుని, ఎవరూ అడగకముందే మనమే చెప్పడం అన్నిటికన్నా పెద్ద ధైర్యం.